కంప్యూటర్లో చిక్కుకున్న కొంగు

దసరా మరునాడు పొద్దున్నే, ఆయుధపూజకు కంప్యూటరు మీద వేసిన పూలూ దారాలూ లాగి పడేసి, బటను నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర మీద తెల్ల అక్షరాలేవో వచ్చాయి. చదివేలోపే టక్కున ఆరిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. ఇంకోసారి నొక్కి, "ఏం పుట్టిందే నీకు ఈ పొద్దు!" అని దాని నెత్తిన ఒకటి మొట్టాను. నా కోపం సంగతి ధర్మవరంలో మా వీధి వీధంతా ఎరుగుదురు. దాచుకునేదేం లేదు.

కోపం రాక ఏమవుతుంది? ఆ డబ్బాలో నా కొంగు ఉంది. చీర కొంగు. మా మగ్గం మీద పట్టుచీర ఒళ్ళంతా నేసి, కొంగు దగ్గరికొచ్చి ఆగి ఉంది. ఇప్పుడు మగ్గాల పైన ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా వేసిన డిజైనును పెన్‌డ్రైవులో ఎక్కించి దానికి గుచ్చితే, ఏ పోగు లేవాలో ఏది కింద ఉండాలో అదే చూసుకుంటుంది. మా వీధిలో అందరూ డిజైన్లు షాపులో వేయించుకుంటారు. నేను మాత్రం "నేనే వేస్తా" అని మొండికేశాను. మా పుట్టినూరు పెనుకొండ కోటగోడ, దాని బురుజుల మీద చిలకల బారు, గోడ కింద సీతాఫలం చెట్లు. రాత్రీ పగలూ కళ్ళు గుంటలు పడేలా వేశాను. ఇంకో చోట ఒక నకలు దాచిపెట్టుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

హిందూపురం నుంచి లింగప్ప అనే చీరల వ్యాపారి సాయంత్రానికి వస్తున్నాడు. వచ్చే పెళ్ళిళ్ళ కాలానికి ఎవరి డిజైన్లు నేయించాలో ఈ రోజే తేల్చేసుకుంటాడు. జానెడు కొంగైనా నేసి చూపిస్తే, అది నచ్చితే, ఇక మీదట ఆయన మగ్గాలకు డిజైన్లు వేసేది నేనే. చూపించలేకపోతే షాపు డిజైన్లే ఖాయం. అప్పుడు నేను రోజంతా మగ్గానికి దారం కండెలు చుట్టుకుంటూ కూర్చోవాలి. కండెలు చుట్టడం చిన్నపనేం కాదు. కానీ అక్కడ కూర్చుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

మా ఆయన ధనుంజయ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నా వైపు చూసి చూడనట్టు చూశాడు.

"షాపుకు పోయి పాత డిజైను ఏదో ఒకటి తెస్తాలే. ఈ పూటకు గడిచిపోతాది."

"తెచ్చినావంటే చూడు! ఆ పెన్‌డ్రైవు నీ నోట్లో గుచ్చుతా!"

నవ్వాడు. ఆ మనిషికి అదొక రోగం, నేను మండిపడితే నవ్వడం. నేను ఫోను తీసి శైలజకు చేశాను. శైలజ నాతో పాలిటెక్నిక్ చదివింది, ఇప్పుడు హిందూపురంలో కంప్యూటర్లు నేర్పిస్తుంది. ఈ పాత కంప్యూటరు ఇక పనికిరాదని అందరూ అన్నప్పుడు, దాన్ని నడిపించడానికి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి ప్రాణం పోసింది అదే.

"ఆరిపోతాందా? పండగకు ముందు అప్‌డేట్ చేసినావా?" అంది.

"చేసినా. చేయమని నువ్వే గదా చెప్పింది!"

"సరే, అరవగాకు. ఆన్ కాంగానే మెనూ వస్తాది గదా, దాంట్లో పాత కెర్నల్, అదే అప్‌డేట్‌కు ముందరుండే లినక్స్, ఎంచుకో."

"మెనూ యాడొస్తాందే! దానికంటే ముందరే ఆరిపోతాండాది."

అది వినగానే శైలజ గొంతు మారింది. "అట్లయితే లినక్స్‌ది తప్పేమీ లేదు. అది నిద్ర కూడా లేవలేదు ఇంకా. లోపల వస్తువుల్లోనే ఏదో ఉండాది. డబ్బా ఇప్పు."

అబ్బా, ఆ మాటతో సగం ప్రాణం లేచొచ్చింది! లినక్స్ చెడలేదంటే నా చిలకలు బతికున్నట్టే కదా. ప్లగ్గు పీకి, మరలు విప్పి, ర్యాము అనే చిన్న పలక తీసి, రబ్బరుతో దాని పళ్ళు రుద్ది మళ్ళీ నొక్కిపెట్టాను. నొక్కగానే టక్కుమని కూర్చుంది. సంబరంగా ప్లగ్గు పెట్టి బటను నొక్కాను. తెల్ల అక్షరాలు. టక్. చీకటి.

"నీ పాడుగాను!" అని స్క్రూడ్రైవరు నేలకేసి కొట్టాను.

మా అత్త కుళ్ళాయమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏమైంది అమ్మీ? దానికి దిష్టి తగిలిందేమో, మిరపకాయలు తీసేదా?"

"నువ్వు సుమ్మనుండత్తా!" అని కసిరాను. పాపం, చప్పుడు చేయకుండా లోపలికి పోయింది.

శైలజ ఫోనులోనే ఉంది. "ప్రమోదా, ఆ అక్షరాలేముండాయో చదువే."

"చదివేటంతసేపు ఉంటే గదా!"

"వీడియో తీయి. ఆపి చదువుకోవచ్చు."

ఈ మాట నాకెందుకు తట్టలేదో! ధనుంజయను కేకేసి ఫోను ఆయన చేతికిచ్చాను. నేను బటను నొక్కాను, ఆయన తీశాడు. తెర ఆరిపోయాక ఇద్దరం తలలు ఆనించి ఫోనులో చూశాం. బొమ్మను అక్కడే ఆపాం. మసకమసకగా ఉన్నా చదవొచ్చు. పెన్‌డ్రైవులు గుచ్చే యూఎస్‌బీ రంధ్రాల దగ్గర కరెంటు మితిమీరి పోతోందట. బోర్డు కాలిపోకుండా ఆపేస్తున్నానని చెబుతోంది. అంటే ఇంతసేపూ అది చెడిపోయి కాదు ఆరిపోతోంది. తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతోంది! నేనేమో దాని నెత్తిన మొట్టాను.

"దొరికిందే!" అని, నేను చదివింది విన్న శైలజ అక్కడ అరిచింది. "యూఎస్‌బీ గుచ్చినవన్నీ పీకెయ్యి. కీబోర్డు, మౌసు, అన్నీ."

పీకాను. నొక్కాను. టక్.

"అన్నీ పీకినావా?"

"అన్నీ పీకినానే తల్లీ, ఇంక పీకాల్సింది నా జుట్టొక్కటే!"

ధనుంజయ పగలబడి నవ్వాడు. ఈసారి నాకూ నవ్వొచ్చింది. శైలజ మాత్రం నవ్వలేదు. "వైరు గుచ్చకపోయినా రంధ్రంలో ఏదైనా ఇనుప ముక్క పడినా చాలు. ముందర వైపు రంధ్రాల్లో లైటేసి చూడు."

ప్లగ్గు పీకి, నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి చూశాను. మొదటి రంధ్రంలో దుమ్ము. రెండోదాంట్లో ఏదో తళుక్కుమంది. ఇంకొంచెం దగ్గరికి జరిగాను. బంగారు రంగు. జరీ పోగు! మెలిపెట్టి లోపలికి దోపిన జరీ పోగు. పట్టుదారం మీద రాగిరేకు చుట్టి పూత పూసిన జరీ, కరెంటు హాయిగా పారే జరీ, ఆ రంధ్రంలో ఈ గోడకూ ఆ గోడకూ ఆనుకుని పడుకుని ఉంది. పొద్దున నేను పూలతో పాటు లాగినప్పుడు పై దారం తెగి, కొస అక్కడే ఉండిపోయింది.

ఇల్లెగిరిపోయేలా అరిచాను. "ఎవురు దోపినారు దీన్ని ఈడ?"

మా అత్త వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. నా చేతి లైటు వెలుగులో ఆ మెరుపు చూసింది. మొహం పాలిపోయింది.

"నేనే అమ్మీ. ఆయుధపూజకు కట్టినా. దీనికి కట్టేదానికి కొక్కెమూ లేదు, కొయ్యా లేదు. అందుకే పోగు చుట్టూ తిప్పి, మగ్గం కొయ్య సందులో దోపినట్ల కొస ఆ సందులో దోపినా."

నాలుక చివరిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. మా ఇంట్లో ఆయుధపూజకు జరీ పోగు కట్టేది ఇంటికి కూడు పెట్టే వస్తువులకే. మగ్గానికి, పోగును అటూ ఇటూ మోసే నాడెకు, కండెల రాట్నానికి, కత్తెరకు. టీవీకి కట్టరు. బండికి పూలు వేస్తారు గానీ జరీ కట్టరు. పోయిన పండగకు ఈ కంప్యూటరుకు బొట్టు కూడా పెట్టలేదు మా అత్త. "ఆ డబ్బా ఎందుకు కొన్నారో" అని గొణిగింది కూడా.

"దీనికెందుకు కట్టినావత్తా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎందుకేముంది? నువ్వు దినమంతా దాని ముందరే కూచుని పని చేస్తాండావు. మగ్గానికి కట్టి దానికి కట్టకపోతే ఎట్ల? నాకేం తెలుసు అమ్మీ, కరెంటు సంగతి! చెడిపోయిందా? నీ బొమ్మలన్నీ పోయినాయా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు. కోపంలో నోటికొచ్చినది అనేసేదాన్నే, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. "పోలేదులే అత్తా. లైటు పట్టుకో, గట్టిగా పట్టుకో" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి, నా పక్కనే కూర్చుని లైటు పట్టుకుంది. నేను పట్టకారుతో పోగు కొస అందుకున్నాను. జారింది. మళ్ళీ అందుకున్నాను. మెల్లగా, తెగకుండా లాగాను. వచ్చేసింది! మా అత్త దాన్ని అరచేతిలో వేసుకుని, "ఇంత పోగేనా ఇంత పని చేసింది!" అని బుగ్గ నొక్కుకుంది. నేను కీబోర్డూ మౌసూ, కరెంటు ప్లగ్గూ మళ్ళీ గుచ్చాను.

బటను నొక్కాను. తెర ఆరలేదు. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది, లినక్స్ అక్షరాలు జలజలా పారాయి. నేను ఎగిరి గంతేసేలోపే నల్లటి తెర మీద ఒక్క ముక్క రాసి నిలబడిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

"శైలజా! మళ్ళా ఏమో అయిందే!"

చదివి చెప్పాను. "ఓ, అదా! పండగ ముందు ఎప్పుడో కరెంటు పోయింటాది, అప్పుడు డిస్కులో రాసేది సగంలో ఆగింటాది. అది సరి చేసుకోమని అడుగుతాండాది. నేను చెప్పినట్ల కొట్టు" అంది. ఒక్కో అక్షరం చెప్పింది, ఒక్కో అక్షరం కొట్టాను. ఎంటర్ నొక్కాక అంకెలు గబగబా పైకి పోయాయి. డిస్కును అది తుడుచుకుంటుందో, నా కొంగునే తుడిచేస్తుందో తెలియదు. ధనుంజయ నవ్వడం మానేసి మగ్గం గుంటలోంచి పైకి వచ్చి నిలబడ్డాడు. మా అత్త నా భుజం పట్టుకుంది.

తెర వెలిగింది. ఫోల్డరు తెరిచాను. ఫైలు ఉంది. దాన్ని నొక్కాను. కోటగోడ వచ్చింది, బురుజులు వచ్చాయి, చిలకలు ఒకదాని వెనక ఒకటి అన్నీ వచ్చాయి!

"బతికినాయి!" అని కేక పెట్టాను. శైలజ అటు నుంచి, "ఇంకో పెన్‌డ్రైవులో ఒక నకలు పెట్టుకోకపోతే నేనే వచ్చి తంతా!" అంది.

డిజైనును పెన్‌డ్రైవులోకి ఎక్కించి మగ్గం పెట్టెకు గుచ్చాక ఇంట్లో మాటల్లేవు, మగ్గం చప్పుడే. ధనుంజయ తల ఎత్తకుండా నేశాడు. నేను కండెలు అందించాను. బురుజు అంచు తేలినప్పుడు నేనూ మా అత్తా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మగ్గం మీదకు వంగిపోయాం. మొదటి చిలక ముక్కు వచ్చేసరికి వీధి తలుపు దగ్గర లింగప్ప గొంతు వినిపించింది.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మగ్గం మీద వంగి, కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. వేలితో కోటగోడ వెంబడి పోయాడు.

"ఇది షాపుది కాదే. యాడ వేయించినావు ధనుంజయా?" అన్నాడు.

"నన్నడిగితే నాకేం తెలుసప్పా? వేసిన మనిషి నీ వెనకాలే ఉండాది, ఆమెనే అడుగు" అన్నాడు మా ఆయన.

లింగప్ప ఇటు తిరిగాడు. ఇన్నేళ్ళలో నా వైపు తిరిగి వ్యాపారం మాట్లాడటం అదే మొదలు. "అమ్మా, బాగుండాది. పెళ్ళిళ్ళకు ఇట్లాంటివి ఇంకా కావాల నాకు. నువ్వే వేయాల. ఎప్పుడు మొదలుపెడతావు?"

వీధి వీధిని హడలగొట్టే నా నోరు పెగల్లేదు. మా అత్త నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చింది.

"మొదలుపెడతాదిలేప్పా" అంది. "పొద్దుట్నించి నీళ్ళు కూడా ముట్టలేదు ఆ బిడ్డ. ముందు అన్నం తిననీ. తిన్నాంక అడుగుదువు."