గీతలు ఊడిన చేతులు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో డ్యూటీ ఎక్కగానే మొదటి పని సింకు దగ్గర నిలబడడం. ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకుని మోచేతుల దాకా సబ్బు పట్టించాలి. ఆ తర్వాత పాపని ముట్టుకునే ముందు శానిటైజరు, ముట్టుకున్నాక శానిటైజరు, ఒక గాజుపెట్టె దగ్గర్నుంచి ఇంకో పెట్టె దగ్గరికి వెళితే మళ్ళీ శానిటైజరు. ఇదంతా అందరూ చేసేదే. మన సిస్టరు మాత్రం కడిగిన చేతుల్ని అనుమానంగా చూసుకుని మళ్ళీ కడిగేది, అదీ పొగలొచ్చే వేడినీళ్ళతో. ఆ తడి మీదే శానిటైజరు పోసుకునేది. భగ్గున మండితే క్రిములు చస్తున్నాయని సంబరపడేది. అందుకే వార్డులో ఆవిడకి ‘రెండోసారి సిస్టరు’ అని పేరు పడిపోయింది.

అన్నిసార్లు కడిగితే ఎవరి చేతి గీతలైనా ఊడతాయి. షిఫ్టు అయ్యేసరికి సింకు జాలీలో సన్నటి దారప్పోగుల్లా చుట్టలు చుట్టుకుని ఉండేవి. వార్డు ఊడ్చే ఆవిడ వాటిని వేలితో లాగి, “తల వెంట్రుకలు చాలవని ఇవి కూడానా నా ప్రాణానికి!” అని సణుక్కుంటూ చెత్తబుట్టలో పడేసేది. ఇంటికెళ్ళి చేతులకి కాస్త ఏదైనా రాసుకుని పడుకుంటే తెల్లారేసరికి మళ్ళీ మొలుస్తాయి గనక ఎవరూ పట్టించుకునేవారు కాదు. గీతలు లేనంతసేపూ మనిషికి కొత్తగా ఏమీ జరగదు, అంతే. ఎదురుచూసే ఫోను రాదు, మొదలైన గొడవ తేలదు. ఆ కాసేపే ప్రాణానికి హాయిగా ఉంటుందనేవాళ్ళు కూడా ఉన్నారు.

కిటికీ పక్క పెట్టెలో ఉన్న పాపకి మాత్రం గీతలు అసలు రానేలేదు. గుప్పిట విప్పితే అరచెయ్యి నున్నగా, ఖాళీగా ఉండేది. అందుకని పాపకి ఏమీ జరగడం లేదు. బరువు పెరగదు, తగ్గదు. ఏడవదు. ట్యూబు తీస్తే ఊపిరి ఆగుతుంది, పెడితే ఉంటుంది. డాక్టరుగారు రోజూ ఆ చెయ్యి విప్పి చూసి, “ఇంకా రాలేదు,” అని వెళ్ళిపోయేవారు.

“ఎన్నాళ్ళిలా డాక్టరుగారూ?” అని ఒకరోజు తల్లి నిలదీసింది.

ఆయన దాచలేదు. “ఎదగకుండా ఇంత చిన్న ప్రాణం ఎక్కువకాలం నిలబడదమ్మా. గీత రావాలి. రాకపోతే కష్టం.”

పాప ఒంట్లో వణుకు తగ్గేది మన సిస్టరు చేతుల కిందే. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి పాదాల దగ్గర పెట్టి పొదివి పట్టుకుంటే మెల్లగా ఒళ్ళు వదులు చేసేది. తన వల్ల పాపకి ఏం అంటుకుంటుందోనని సిస్టరు కడగడం ఇంకా పెంచింది. కణుపుల దగ్గర చర్మం చిట్లి రక్తం వచ్చింది. గ్లౌజు తొడిగితే లోపల నిప్పులు పోసినట్టుండేది. అయినా పెదవి బిగబట్టి తొడిగేది.

వార్డు పెద్ద సిస్టరు ఆ చేతుల్ని వెలుతురులోకి లాగి చూసింది.

“పగిలిన చర్మంలో క్రిములు దాక్కుంటాయని నీకు నేను చెప్పాలా? ఇంక ఎంత కడిగినా పోవు. ఒకసారి కడుగు, గోరువెచ్చని నీళ్ళతో. పూర్తిగా ఆరాకే శానిటైజరు రాసుకో. ఈ చేతులు మానేదాకా పిల్లల్ని ముట్టుకోవద్దు.”

“మేడమ్, కిటికీ పక్క పాప...”

“ఆ పాప కోసమే చెబుతున్నా.”

అలా మన సిస్టరు స్టోర్ రూములో కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు వేసే పనిలో పడింది.

ఇంట్లో ఉన్నది అత్తగారు. సిస్టరు భర్త దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, ఆయన ఇంటికొచ్చినప్పుడు వచ్చినట్టు. అత్తగారు జన్మంతా పట్టుబట్టలు కుట్టిన మనిషి. గరుకు వేలు తగిలితే పట్టుపోగు లేచిపోతుంది, బట్ట తెచ్చినవాళ్ళు ఊరుకోరు. అందుకని ఆవిడ కొట్లో మిషను ముందు కూర్చునే ప్రతివాళ్ళూ ఒక పట్టుముక్కని అరచేతి మీదుగా లాగి చూసుకోవాల్సిందే. ఎక్కడా పట్టుకోకుండా జారిపోతేనే ఆ రోజు పట్టు కుట్టడం. లేకపోతే బొత్తాలు కుట్టుకోవడమే.

“ఏవీ, చూపించు,” అంది అత్తగారు ఆ సాయంత్రం.

“ఏం లేదత్తయ్యా, కొంచెం పగిలాయి.”

“కొంచెమా? ఈ చేతులతో గిన్నెలు తోమితే పీచు అక్కర్లేదు.”

ఆ మాటకి కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. అత్తగారు ఏడవనిచ్చింది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి, మెత్తటి తువ్వాలుతో రుద్దకుండా అద్దింది. చెమ్మ ఉండగానే పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి, వేళ్ళ సందుల్లో కూడా వదలకుండా రాసి, కాటన్ గ్లౌజులు తొడిగింది.

“గులాబీ వాసనొచ్చే క్రీము ఉందత్తయ్యా బీరువాలో.”

“పుళ్ళకి సెంటు పూస్తావా? మంటకి ఇల్లంతా గెంతుతావు. నోరు మూసుకుని కూర్చో.”

గ్లౌజులు పాడవకుండా భోజనం కూడా అత్తగారే స్పూనుతో తినిపించేది. బతికి ఉండగా ఇంత సేవ చేయించుకుంటానని అనుకోలేదని కోడలు సిగ్గుపడిపోయేది. “అలవాటు చేసుకోకు,” అనేది అత్తగారు.

రోజూ సాయంత్రం పట్టుముక్క పరీక్ష. ముందు అరచేతి మొదట్లోనే చిక్కుకునేది. తర్వాత తర్వాత మధ్యదాకా జారేది. ఇంతలో ఒకనాడు వార్డు ఊడ్చే ఆవిడ స్టోర్ రూములోకి తొంగిచూసి, “పాప రంగు మారుతోంది సిస్టరూ,” అని చెప్పింది. ఆ రోజు మన సిస్టరు ఇంటికి పరుగున వచ్చి చేతులు చాపింది. పట్టుముక్క బొటనవేలి మొదట్లో ఆగిపోయింది.

“ఇంకా లేదు,” అంది అత్తగారు.

“పాప అక్కడ పోయేలా ఉంటే మీకు గుడ్డముక్క గొడవ!” కోడలు అత్తగారి మీద అరవడం అదే మొదటిసారి.

అత్తగారు కోపం తెచ్చుకోలేదు. “వెళ్ళు. నీ చేతి క్రిమి దానికి అంటుకుంటే రేపటిదాకా కూడా ఉండదు. ఇదిగో, కూర్చుంటే జెల్లీ రాస్తా.”

కోడలు కూర్చుంది.

ఆ మర్నాడు సాయంత్రం పట్టుముక్క ఈ చివర నుంచి ఆ చివరకి నీళ్ళలా జారింది. నిగనిగలాడే కొత్త గీతలు లోతుగా, స్పష్టంగా మొలిచాయి. ఆయుష్షు గీత మణికట్టు దాకా సాగింది. అత్తాకోడళ్ళిద్దరూ ఆ చేతుల్ని చూసి మురిసిపోయారు.

పొద్దున్నే పెద్ద సిస్టరు చేతులు తిప్పి తిప్పి చూసి, “వెళ్ళు,” అంది. సింకు దగ్గర మన సిస్టరు గోరువెచ్చని నీళ్ళతో ఒక్కసారే కడిగింది. ట్యాపు మీదికి మళ్ళీ వెళ్ళబోయిన చేతిని తనే వెనక్కి లాక్కుంది. అద్ది ఆరబెట్టి, పొడి చేతులకి శానిటైజరు రాసుకుంది. ఏ మంటా లేదు.

పాప నీలంగా, మరీ చిన్నగా అయిపోయి ఉంది. ఒక చెయ్యి తల మీద పెట్టింది. రెండో చెయ్యి పాదాల దగ్గర పెట్టబోతుంటే పాప తనే గుప్పిట విప్పింది. సిస్టరు తన అరచెయ్యి అక్కడ ఆనించింది. ఆనించిన చెయ్యి షిఫ్టు అయ్యేదాకా తియ్యలేదు. నడుం పట్టేసినా కదల్లేదు. పెద్ద సిస్టరు ఒక స్టూలు తెచ్చి వెనకాల పెట్టి వెళ్ళింది.

డాక్టరుగారు వచ్చి పాప చెయ్యి విప్పి చూశారు. ఆ చిట్టి అరచేతిలో చోటు చాలక మణికట్టు చుట్టూ తిరిగి మోచేతి వైపు పాకిన పెద్ద గీత ఒకటి ఉంది.

“వచ్చింది,” అన్నారాయన.

అప్పుడు ఏడ్చింది పాప. వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. తల్లి పెట్టె మీద పడి తనూ ఏడ్చింది.

ఆ సాయంత్రం అత్తగారు జెల్లీ డబ్బా మూత తీసి, కోడలి చెయ్యి అందుకుని ఆగిపోయింది. ఆయుష్షు గీత అరచేతి మధ్యలోనే ఆగిపోయి ఉంది.

“కడిగితే పోయిందా?”

“లేదత్తయ్యా. పాపకి వెళ్ళింది.”

“తెల్లారేసరికి వస్తుందిగా?”

“ఊడితే వస్తుంది. ఇస్తే రాదు.”

అత్తగారు ఆ ఆగిపోయిన గీత చివర వేలితో తడిమింది.

“పిల్ల ఎలా ఉంది?”

“ఏడ్చిందత్తయ్యా! ఎంత గట్టిగా ఏడ్చిందో! రేపో ఎల్లుండో ట్యూబు తీసేస్తారట.” కోడలి మొహం వెలిగిపోతోంది. మరుక్షణమే ఆ వెలుగు తగ్గింది. “గోడపక్క పెట్టెలోకి ఇవాళ ఒక బాబు వచ్చాడు. వాడి చెయ్యి కూడా ఖాళీయే.”

అత్తగారు కోడలి చేతికి కాకుండా తన అరచేతికే జెల్లీ రాసుకుంది. దాన్ని కోడలి అరచేతి మీద ఆనించి, వేళ్ళలో వేళ్ళు గుచ్చి బిగించి పట్టుకుంది. ఆవిడ ఏం చేస్తోందో అర్థమై కోడలు గింజుకుంది.

“వద్దత్తయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు!”

“కదలకు, వంకర పోతుంది,” అంది అత్తగారు. పట్టు మాత్రం సడలించలేదు. “రేపు డ్యూటీ ఉంది కదా. సగం గీత పట్టుకెళ్ళి ఆ బాబుకి ఏం పెడతావు?”