నానని చక్రాలు

"చెప్పురా గాలిగా, మంజూరా, నామంజూరా?"

బండ్లు తనిఖీ చేసే సర్కారీ అమీను అడిగాడు గానీ జవాబు కోసం ఆగలేదు. ఊరి వడ్రంగి, వడ్ల గాలయ్య చేతిలోని సుత్తి ఇంకా రైతు లచ్చయ్య బండి మీదే ఉంది. గుండ్లబావి దొర గడి ముందు ముప్పైతొమ్మిది బండ్లు వరుసగా నిలబడ్డాయి. అది నలభై ఏడో సంవత్సరం. ఉగాదికి ఇంకా పది రోజులున్నాయి.

"అమీన్‌సాబ్, ఇరుసు చీలింది. గీ బండి గట్టు దిగది. నామంజూర్ రాయుండ్రి," అని లచ్చయ్యే చేతులు జోడించాడు. తన బండి పనికిరాదని తానే మొత్తుకునే మనిషిని ఎక్కడైనా చూశామా? చూడం. కానీ ఆ ఇరుసు విరిగితే కింద నలిగేది దొర కాదు, లచ్చయ్య.

అమీను గడి అరుగు వైపు చూశాడు. అరుగు మీద ఆకు వక్క నములుతున్న దొర వేలొకటి ఊపాడు. సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం పట్నం చేర్చడానికి బండ్లు చాలడం లేదట. ఇంకేముంది, మంజూర్! ఎర్రగా కాలిన ముద్రను గాలయ్య చేతికిచ్చారు. ఇరుసు చీలికలో గాలయ్య గోరు దిగింది. దిగినా నోరు తెరవలేదు. కాడి మీద ముద్ర కాల్చాడు. పక్కనే కాటమయ్య బండి రాయిలా గట్టిగా ఉంటే దాన్ని నామంజూర్ చేశారు. ఆయన వెట్టికి రెండు దినాలు ఆలస్యంగా వచ్చాడు మరి.

నాలుగో రోజు ఊరవతలి గుట్ట గట్టు దిగుతుంటే ఇరుసు విరిగింది. పన్నెండు బస్తాల జొన్నలు లచ్చయ్య మీద పడ్డాయి. వెంట ఉన్న దొర మనుషులు ముందు బస్తాలను వేరే బండ్లకెత్తారు. ఆ తర్వాత మనిషిని తీశారు. అప్పటికి తీయడానికి ప్రాణం లేదు. లచ్చయ్య పెండ్లాం సోమమ్మ గట్టు దాకా ఉరికొచ్చి, విరిగిన కాడి మీద నల్లగా మెరుస్తున్న ముద్రను చూసింది. తర్వాత గాలయ్యను చూసింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే గాలయ్యకు ఆ ఏడాదంతా అన్నం సయించేదేమో.

ఈ బండ్ల జాంచ్ ఏమిటో తెలియని పిల్లలు ఇవాళ ఉండొచ్చు. అయ్యా, ఏటా ప్రతి బండినీ అమీనుకు చూపించి, ఊరి వడ్రంగి చేత ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని బండి సర్కారీ బాట ఎక్కిందా, ఎడ్లతో సహా జప్తు. రుసుం రూపాయిన్నర, జవాన్లకు కోడి, ఆపైన గడికి ఒక దఫా వెట్టి. పోనీ జాంచ్ ఎక్కడో చెబుతారా? డప్పు కొట్టి పానగల్ పొమ్మంటారు. అక్కడికి పోతే వాగవతల తోపులో అంటారు. తోపులో ఒక జవాను పండుకొని ఉంటాడు, అమీన్‌సాబ్ నిన్ననే లేచిపోయాడని చెబుతాడు. మూడు దినాలు తిరిగి, మేత అయిపోయి, ఎడ్లు నురగలు కక్కుతూ ఊరు చేరితే అమీను గడిలోనే కూర్చుని కోడి తింటుంటాడు! సర్కారుకు కావలసింది గట్టి బండి కాదు, వంగిన మెడ.

ఏడాది తిరిగింది. గుండ్లబావి కల్లాల మీద రాలిన జొన్నల్లో సగానికి పైగా లెవీ పేరుతో గడి గరిసెల్లోకి చేరాయి. ఊళ్లో పొయ్యిల మీద గంజి ఉడుకుతోంది, అదీ ఒక పూటే. ఉగాది ముందు మళ్లీ డప్పు మోగింది. శుక్రవారం గడి ముందే జాంచ్, శనివారం రజాకార్ల కాపలాతో ధాన్యం పట్నానికి. ఆ గింజ ఊరు దాటితే వానలు పడేదాకా పిల్లలకు పెట్టడానికేమీ ఉండదు.

మంగళవారం గాలయ్య కొట్టం ముందు మనుషులు చేరారు. చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలంటే నిప్పు పెట్టాలి, పది మంది కావాలి, కాబట్టి గుంపును చూసి గడివాళ్లకు అనుమానం రాదు. మాటలు తెగక ఒకే పట్టాను మూడుసార్లు కాల్చారు. గొర్లు బేరం చేసేవాడిలా గొంగడి కప్పుకుని వచ్చిన, దొరలను ఎదిరించే సంఘం మనిషి నర్సింహ ముందుగా మాట్లాడాడు.

"సంఘం చెప్పేది ఒక్కటే. గా గింజ ఊరు దాటొద్దు. ఎట్ల ఆపుదామో మీరే చెప్పుండ్రి."

"బండ్లు కాలబెడుదాం!" అని వెనక నుంచి ఎవరో కుర్రవాడు అరిచాడు.

కాటమయ్యకు ఒళ్లు మండిపోయింది. "నీ అయ్య బండారా అది? కాలబెడితె రేపు చేన్లకు పెంట నెత్తి మీద మోస్తవా? బండి లేని రైతు ఏం రైతు?"

"మరి ముద్రేపిచ్చుకోని గడి గింజ తోల్తవా, కాటమయ్య మామా?"

"తోలకుంటె తుపాకి పెడ్తరు. ఎవని ప్రాణం వానికి తీపి కాదా?"

మాట మీద మాట లేచింది. ఒకడు బాట తవ్వుదామన్నాడు, ఇంకొకడు ఎడ్లను అడవికి తోలుదామన్నాడు. అప్పటిదాకా నిప్పులు ఎగదోస్తున్న సోమమ్మ లేచి నిలబడింది.

"అందరు మాట్లాడిన్రు. గాలన్నా, నువ్వే మాట్లాడతలేవు. పోయినేడు గూడ గిట్లనే నోరు మూసుకున్నవు."

గాలయ్య పట్టకారు కింద పెట్టాడు. కళ్లనీళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"తప్పైంది చెల్లె. లచ్చన్నను సంపింది ఇరుసు గాదు, నేను. నేనొక్క మాట చెప్పుంటె..." అని అందరినీ చూశాడు. "ఈపారి చెప్తా. బండ్లు నానబెట్టకుండ్రి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఎండలకు కట్టె ఎండి కుంచించుకుపోతుంది, ఇనుప పట్టా వదులవుతుంది. అందుకే జాంచ్‌కు ముందు రెండు దినాలు బండ్లను వాగు మడుగులో నిలబెట్టడం తాతల నాటి రివాజు. నీళ్లు తాగిన కట్టె ఉబ్బి పట్టాను బిగించుకుంటుంది. అప్పుడు సుత్తితో కొడితే చక్రం ఖణేల్‌మంటుంది. నానని చక్రం లొటలొటమంటుంది.

"ముప్పైఎనిమిది బండ్లు లొటలొటమంటె అమీను ఏం రాయాలె? నామంజూర్. నామంజూర్ బండి బాట ఎక్కితె జప్తు. గిది మన కానూను గాదు, వాళ్లదే. వాళ్ల కానూను తోటే వాళ్ల గింజను గడిల కూసుండబెడుదాం. ఒక్క బండి కాలదు. వాన పడ్డంక నానబెట్టుకుంటె మల్ల బండి బండే."

నర్సింహ గొంగడి జారిపోయింది, ఎత్తుకోలేదు. "అబ్బ గాలన్నా! గింత ఉపాయం కడుపుల పెట్టుకోని ఏడాది సంది ఏం జేస్తున్నవే?"

"అయితె ఒక్కడు నానబెట్టినా అందరం సచ్చినట్టే," అన్నాడు కాటమయ్య. "ఒక్క చక్రం ఖణేల్‌మంటె అమీనుకు ఎరికైపోతది. గిది కావాల్నని జేసిన్రని అందరి వీపులు పగలగొడ్తరు."

నిజమే. అందుకని ముప్పైఎనిమిది మందీ కాలుతున్న పట్టా మీద చెయ్యి చాపి, ఒక్క బండి కూడా మడుగులో దిగదని ఒట్టు పెట్టుకున్నారు. కాటమయ్య అందరికన్నా వెనక చాపాడు.

గురువారం పొద్దున దొర, బండ్లు మళ్లీ చాలవేమోనని కాటమయ్యను పిలిపించి, జాంచ్‌లో అతని బండి గట్టిగా తేలితే ఏడాది వెట్టి మాఫీ అన్నాడు. మధ్యాహ్నానికి కాటమయ్య బండి వాగు వైపు సాగింది. వాగు ఒడ్డు మీది నుంచి గాలయ్య చూశాడు. కానీ మడుగులో అప్పటికే ఒకరున్నారు. మోకాళ్ల లోతు నీళ్లలో సోమమ్మ నిలబడి ఉంది.

"ఎడ్లకు నీళ్లు తాపనీకి వచ్చిన," అన్నాడు కాటమయ్య, తల ఎత్తకుండా.

"ఎడ్లు తాగనీ మామా. బండి మాత్రం తాగొద్దు." ఆమె బురదలోనే బండి దారికి అడ్డంగా కూర్చుంది. "దించాల్నంటె నా మీదికెళ్లి దించు. లచ్చయ్య మీదికెళ్లి దొర గింజ పోయింది గద, నా మీదికెళ్లి నీ బండి పోనీ."

ఎడ్లు దాహంతో మెడలు గుంజుతున్నాయి. కాటమయ్య కాడి దించి ఎడ్లకు మాత్రం నీళ్లు తాపాడు. పోతూ పోతూ, "లే బిడ్డా, బురదల కూసుంటె జరమొస్తది," అన్నాడు.

శుక్రవారం పొద్దెక్కింది. ఆడా మగా, ముసలీ ముతకా అంతా గడి ముందుకొచ్చారు. ఐదుగురు జవాన్లు తుపాకులతో నిలబడ్డారు. అమీను దర్జాగా మొదటి చక్రం మీద కొట్టించాడు. లొట. "నామంజూర్," అన్నాడు. రెండోది లొట. పదోది వచ్చేసరికి అమీను నుదుట చెమట పట్టింది. ఇరవయ్యోది వచ్చేసరికి సుత్తి తానే లాక్కుని కొట్టాడు. ఎవరు కొడితేనేం, ఎండిన కట్టె ఎండిన కట్టెలాగే పలుకుతుంది. చివరన కాటమయ్య బండి. వెట్టి మాఫీ మాట ఊరంతా పాకింది, మడుగు దగ్గర వెనక్కి తిరిగినవాడు రాత్రికి రాత్రి ఆ చక్రం తడిపాడో లేదో ఎవరికీ తెలియదు.

అమీను బలంగా కొట్టాడు.

లొట.

"నామంజూరేనా, అమీన్‌సాబ్?" కాటమయ్య మీసం కింద నవ్వాడు. "రాయుండ్రి మరి. కానూను కానూనే గద."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. దొర అరుగు దిగి వచ్చాడు. ఏనాడూ దిగని మనిషి! "తమాషా జేస్తున్నర్రా? అమీన్, అన్నీ మంజూర్ రాయి! గాలిగా, ముద్రెయ్యి!"

నిప్పుల్లోంచి తీసిన ముద్రను గాలయ్య అందుకున్నాడు. ఎదురుగా మొదటి బండి కాడి. ఇంకో పక్క సోమమ్మ. ముద్రను కాడి దాకా తీసుకుపోయాడు. ఎడ్ల కుడితి గోలెం పక్కనే ఉంది. అందులో పడేశాడు. గోలెం బుస్సున పొంగింది.

"పోయినేడు నా చేత్తోని ఒక మనిషిని సంపిన్రు," అన్నాడు గాలయ్య. "పనికిరాని బండికి ఇగ ముద్రెయ్య. చెయ్యి నరుక్కుంటె నరుక్కోండ్రి."

తుపాకీ మడమతో మొదటి దెబ్బ మెడ మీద పడింది, రెండోది నడుం మీద. చేతులు విరిచి కట్టారు. "ఠాణాకు తోలుండ్రి! బండేది?" అని దొర అరిచాడు. బండి ఎక్కడిది? ముప్పైఎనిమిదీ నామంజూరే. "నా కచ్చురం కట్టుండ్రి!" అన్నాడు.

రంగుల గూడు, ఇత్తడి గంటలు ఉన్న దొర సవారీ బండి, ఆ కచ్చురం, బయటికొచ్చింది. దానికి ఏనాడూ జాంచ్ లేదు, ముద్ర లేదు. సోమమ్మ నేల మీది సుత్తిని తీసుకుని దానికెదురు నడిచింది. జవాను అడ్డమొచ్చేలోపే చక్రం మీద ఒక్కటిచ్చింది.

లొట! ఏడాదంతా నీడలో ఎండిన చక్రం ఇంకెట్లా పలుకుతుంది?

"నామంజూర్!" అంది సోమమ్మ.

మూడు వందల గొంతులు ఆ మాటనే అందుకున్నాయి. "నామంజూర్! నామంజూర్!" జవాను తుపాకీ ఎత్తాడు. కాటమయ్య దాని ముందుకు నడిచిపోయి, కచ్చురం చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే సీల పీకి రొంటిన దోపుకున్నాడు. ఆయన్ని చూసి ఎవరి బండి సీల వాళ్లు పీక్కున్నారు. చక్రాలు పక్కలకు ఒరిగిపోయాయి. ఐదు తుపాకులు, మూడు వందల మంది. జవాన్లు లెక్క తెలిసినవాళ్లే. గాలయ్యను తాడుతో పట్టుకుని కాలినడకన బయటపడ్డారు. దొర గడి తలుపులు వేసుకున్నాడు. ఊరి పొలిమేర దాటినా గాలయ్యకు ఆ ఒక్క మాట వినిపిస్తూనే ఉంది. వీపు చితికి ఉన్నా, ఏడాది తర్వాత మొదటిసారి అతనికి ఆకలైంది.

ఠాణా కటకటాల గదిలో నాలుగో రోజు తలుపు తెరిచి ఒక మనిషిని లోపలికి నెట్టారు. పెదవి పగిలింది. అరచేతుల్లో ఉలి పట్టి కాచిన కాయలు.

"ఏ ఊరన్నా?" అని అడిగాడు గాలయ్య.

"పొట్టిగుట్ట."

"ఏం పని?"

"వడ్ల పని."

"ఏం నేరం మీద తెచ్చిన్రు?"

"చక్రాలు నానలేదట," అని ఆ మనిషి నెత్తురు ఉమ్మి నవ్వాడు. "గుండ్లబావోళ్లు చూపిన తొవ్వనే. ఆడ రజాకార్లు వచ్చేసరికే ఊరోళ్లు గడి గరిసెలు ఖాళీ జేసిన్రట. సోమమ్మని ఒకామె ఉన్నదట, ఇంటింటికి ఆమెనే పంచిందట. ఏ పిల్లగాడు పస్తు పండుకుంటలేడట."

గాలయ్య గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. పొద్దు గూకేలోపు ఇంకో ఇద్దరిని నెట్టారు. ఇద్దరివీ ఉలి పట్టిన చేతులే. జమేదారు కటకటాల బయట తల పట్టుకున్నాడు.

"మీ కులమంతా ఒక్కనాడే బుద్ధి తప్పిందార్రా? ఉన్న వడ్లోళ్లంత లోపలుంటె ముద్రలెవడేస్తడు?"

గాలయ్య నొప్పి పుట్టే నడుమును గోడ వైపు జరుపుకుని, కొత్తగా వచ్చినవాళ్లకు పక్కన నేల చూపించాడు.

"జర జరిగి కూసోండ్రన్నా. ఇంక మస్తు ఊర్లున్నయి. జాగ కావాలె."