కోళ్ళ అలక

అత్తగారు పోయాక వచ్చిన మొదటి చలికాలంలో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. రోజూ గుడ్లు కొనే బేకరీ ఆయన మొహమాటపడుతూనే తేల్చేశాడు. "నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత వేరేచోట చూసుకోవాలి." అత్తగారు నిలబెట్టిన బేరం తన చేతిలో నీరుగారిపోతోందని కోడలికి బెంగ పట్టుకుంది.

మామగారికి మాత్రం కారణం విషయంలో ఏ సందేహమూ లేదు.

"మీ అత్త లేదని అలిగాయమ్మా," అన్నారు, వర్షం పడుతోందని చెప్పినంత మామూలుగా. రోజూ గూటి ముందు పీట వేసుకుని, ఆవిడ పోయిన సంగతి చిలక్కి చెప్పినట్టు చెప్పేవారు. కోళ్ళు వినేవి. వినడంలో వాటికి ఏనాడూ వంక పెట్టలేం.

పశువుల డాక్టరు వచ్చి గూడూ చూశాడు, ఆకాశమూ చూశాడు.

"రోగం లేదు, రొష్టు లేదు. పొద్దు కురచైంది, అంతే. పగలు తగ్గితే కోడి గుడ్లు ఆపేస్తుంది. తెల్లారకముందే ఓ దీపం పెట్టండి, పగలు పెరిగిందనుకుంటుంది."

కోడలి భర్త గూట్లో బల్బు బిగించి, లారీ ఎక్కి డ్యూటీకి పోయాడు. కోడలు రోజూ అలారానికి లేచి, చీకట్లో స్విచ్చి వేసి, మళ్ళీ ముసుగు తన్నేది.

కొన్నాళ్ళకు గుడ్లు వచ్చాయి. కోడలు బుట్ట తెచ్చి సంబరంగా చూపిస్తే మామగారి ముఖం మాడిపోయింది.

"ఒక్క బల్బుకే మరిచిపోయాయా ఆవిణ్ణి?" అన్నారు. ఆ పూట భోజనం ముట్టలేదు.

మళ్ళీ గుడ్లు తగ్గాయి. అనుమానం వచ్చి, ఓ రోజు కోడలు స్విచ్చి వేశాక పడుకోకుండా తలుపు చాటున నిలబడింది. మామగారు దుప్పటి కప్పుకుని పిల్లిలా వచ్చి, బల్బు ఆర్పేశారు.

"మామయ్యా! ఏం పనండీ ఇది?"

"ఏడాదైనా తిరగలేదు కదమ్మా," అన్నారాయన. "అప్పుడే అంతా మామూలైపోతే ఎలా?"

"అత్తయ్య ఉన్నప్పుడు చలికాలంలో గుడ్లు పెట్టేవా?" అని అడిగింది కోడలు.

"భేషుగ్గా! చలి మొదలైతే ఆవిడకి నిద్ర పట్టేది కాదు. చీకటుండగానే లేచి, వంటింట్లో లైటు వేసుకుని, టీ తాగుతూ ఆ కిటికీలోంచి వీటితో కబుర్లాడేది. నువ్వు బారెడు పొద్దెక్కాక లేచేదానివి, నీకెలా తెలుస్తుంది?"

కోడలు ఆ చురకను పట్టించుకోలేదు. నేరుగా వెళ్ళి వంటింట్లో లైటు వేసింది. కిటికీ వెలుగు సరిగ్గా గూటి మీద పడింది. ఓ కోడి తలెత్తి, కిటికీ వంక చూసి, గొంతు సవరించుకుంది.

"మీరన్నదే నిజం మామయ్యా," అంది కోడలు. ఆమెకు ఏడుపు వచ్చింది. "అత్తయ్య లేకనే మానేశాయి."

"మొదట్నుంచీ మొత్తుకుంటున్నానుగా," అన్నారు మామగారు.

ఆ రోజే గూట్లో బల్బు విప్పించేశారు. ఇప్పుడు ఆయనే చీకటుండగానే లేచి, వంటింట్లో లైటు వేసి, కిటికీ దగ్గర టీ తాగుతున్నారు. బేకరీకి గుడ్లు వెళుతున్నాయి.

ఓ రోజు మాటలు వినబడి కోడలు లేచి వచ్చింది.

"ఏం చెబుతున్నారు మామయ్యా వాటికి?"

"ఏం లేదమ్మా," అన్నారాయన, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "మీ అత్త ఇంకా నిద్ర లేవలేదని."