అవతల ముల్లు చూసే మనిషి

తిరువొత్తియూరులో ముత్తురాజ్ వర్క్‌షాపులోని మిల్లింగ్ మిషన్ నాలుగు రోజులుగా మూలపడి ఉంది. టేబుల్‌ని నడిపే సర్వో మోటారుకూ లోపలి స్క్రూకూ మధ్యనుండే కప్లింగ్ అరిగిపోయి, చేసిన ప్రతి ముక్కా కొలత తప్పుతుంటే, ఫిట్టర్ పాల్‌రాజ్ మోటారును విప్పి కింద పెట్టాడు. కొత్త కప్లింగ్ శుక్రవారం వచ్చింది. ఇక మళ్ళీ బిగించాలి.

బిగించడమంటే బోల్టులు తిప్పేయడం కాదు. మోటారు ఇరుసూ స్క్రూ ఒకే వరసలో కూర్చోవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కొత్త కప్లింగ్ ఆరు నెలలు తిరక్కుండానే పోతుంది. ఇవతల సందులో చెయ్యి దూర్చి ఒకరు స్క్రూ తిప్పుతుంటే, అవతల ఇంకొకరు డయల్ గేజ్ ముల్లు ఎన్ని గీతలు ఆడిందో చూసి చెప్పాలి. ఎంత తక్కువ ఆడితే అంత వరసలో కూర్చున్నట్టు. పంతొమ్మిదేళ్ళుగా తిప్పేది పాల్‌రాజ్, చెప్పేది నాగప్పన్.

ఎండాకాలంలో నాగప్పన్‌కు కంటి ఆపరేషన్ అయింది. రెండు నెలలు ఇంట్లో ఉండమన్నాడు ముత్తురాజ్. ఆ రెండూ అయిదయ్యాయి. కన్ను బాగుపడింది గానీ రమ్మన్న కబురు మాత్రం రాలేదు.

ఆ అయిదు నెలల్లో పాల్‌రాజ్‌కు షెడ్డు అడివైపోయింది. ఉన్నవాళ్ళంతా తమిళంవాళ్ళు, మంచివాళ్ళే. కానీ తెలుగు మాట్లాడేవాడు నాగప్పన్ ఒక్కడే, ఇక మనసు విప్పి మాట్లాడేది ఎవరితో? భార్య పోయి మూడేళ్ళు. కూతురు జీవిత ఇంట్లో తెలుగు అర్థం చేసుకుని తమిళంలో బదులిస్తుంది. ఒకనాడు పాల్‌రాజ్ పొరపాటున "ఆ స్పానర్ ఇట్లా ఇయ్యి" అని తెలుగులో అనేశాడు. పక్కనున్న వెల్డర్, ఈయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుని మర్యాదగా దూరం జరిగాడు.

శుక్రవారం ముత్తురాజ్ తమిళంలో తేల్చేశాడు. "నీ ఒక్కడివల్ల కాదంటే చెప్పు, సోమవారమే నాగప్పన్‌ని రమ్మంటాను. అయిందంటే మాత్రం అతని ఉద్యోగమే ఎత్తేస్తాను."

సాయంత్రం పాల్‌రాజ్ నాగప్పన్‌కు ఫోన్ చేశాడు. "నువ్వు నిమ్మళంగా ఉండు నాగప్పా. రేపు మధ్యాహ్నం దాకా తంటాలు పడి, నా ఒక్కడివల్ల అయ్యే పని కాదని చెప్పేస్తా."

"అంతా నీ మాట మీదే ఉండాది అన్నా" అన్నాడు నాగప్పన్.

పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందంటారే, ఆ కుక్క తోకేదో రేపు తగిలితే చాలుననుకుంటూ పడుకున్నాడు పాల్‌రాజ్.

శనివారం పొద్దున్నే మోటారును ఎత్తి కూర్చోబెట్టి, బోల్టులు చేతి బిగువుగా పట్టించాడు. డయల్ గేజ్‌కు ఎదురుగా రెండు రబ్బరు బ్యాండ్లతో తన ఫోన్ కట్టి వీడియో పెట్టాడు. ఒక్కడు చేస్తే ఎంత కంగాళీగా వస్తుందో ముత్తురాజ్‌కు సాక్ష్యం చూపించాలి కదా. స్క్రూ ఒక చుట్టు తిప్పి, వెళ్ళి వీడియో చూసుకున్నాడు. ముల్లు ఎనిమిది గీతలు ఆడింది. పాల్‌రాజ్ ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో చేతులు కడుక్కుని ఉంటే కథే లేదు. కానీ ఎనిమిది గీతలు! ఏ వైపు ఎత్తుగా ఉందో కళ్ళ ముందే ఉంది. పై బోల్టు కాస్త వదులు చేసి, అరచేత్తో మోటారును నెట్టాడు. సుత్తి ముట్టుకోలేదు, ముట్టుకుంటే వెనకుండి తిరుగుడు లెక్కపెట్టే ఎన్‌కోడర్ చస్తుంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ చూశాడు. అయిదు. తర్వాత మూడు. అబద్ధమెందుకు, ఆ గంటసేపూ నాగప్పన్ అతనికి గుర్తే లేడు. ముల్లు ఒకటిన్నర దగ్గర నిలిచింది. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, కప్లింగ్ స్క్రూలు కూడా బిగించేశాడు. నవ్వుతూ చెప్పబోయి తల తిప్పితే అవతల మనిషి లేడు. అప్పుడు తెలిసింది తానేం చేశాడో.

"అయిందా? ఉండు, వస్తున్నా" అని ఆఫీసు గదిలోంచి ముత్తురాజ్ కేకేశాడు.

అలెన్ కీ చేతిలోనే ఉంది. ఒక్క బోల్టు అరచుట్టు వదిలేస్తే చాలు. పాల్‌రాజ్ కీని బోల్టులో పెట్టాడు కూడా. పంతొమ్మిదేళ్ళుగా సరిచేయడమే తెలిసిన చెయ్యి, చెడగొట్టమంటే మొరాయించింది. ముత్తురాజ్ వచ్చేసరికి కీ అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ముత్తురాజ్ వీడియో చూశాడు. మిషన్ ఆన్ చేసి టేబుల్‌ను అటూ ఇటూ నడిపించాడు. కొంచెం కూడా మోత లేదు. "ఇద్దరు చేసినదానికన్నా ఇదే మేలుగా ఉందే" అన్నాడు.

"ఈసారి ఏదో అలా కుదిరింది సార్. ప్రతిసారీ..."

"నీ చేతికి ఊరికే ఎందుకు కుదురుతుంది" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టడం పాల్‌రాజ్‌కు దెబ్బలా తగిలింది.

ఒంటిగంటకు నాగప్పన్ ఫోన్ చేశాడు.

"ఏమైంది అన్నా?"

"కూర్చుంది నాగప్పా."

"ముల్లు ఎవురు సూసినారు?"

"ఎవురూ లేరు. ఫోన్ కట్టి చూసుకున్నా."

"ఎంతలో నిలిచింది?"

మూడని చెప్పొచ్చు. అదీ చేతకాలేదు. "ఒకటిన్నర."

"మనిద్దరం ఎన్నడూ రెండుకు తగ్గించలేదే!" నాగప్పన్ గొంతులో కోపం వెతికాడు పాల్‌రాజ్. లేదు. నిజంగానే సంబరపడుతున్నాడు పిచ్చిమనిషి. "బాగా కూర్చోబెట్టినావు అన్నా. ఆడ కింద కుడిపక్క బోల్టు ఉండాది సూడు, అది రెండు దినాల్లో వదులవుతుంది. సోమవారం ఒకసారి పట్టి సూడు."

నువ్వే వచ్చి చూడు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"చూస్తాలే" అన్నాడు పాల్‌రాజ్.