చప్పుడు లేనప్పుడు

"స్టవ్ మీద మళ్ళీ ఏదో మాడబెట్టినట్టున్నావు, అమ్మాయ్" అంది అత్తగారు నాగమల్లేశ్వరి, హాల్లో సోఫాలోంచే.

"లేదత్తయ్యా, కడుగుతున్నాను" అంది ఇంద్రజ.

శుక్రవారం ఆమె ఇంటి నుంచి పనిచేసే రోజు. ఇంటి నుంచి పని అంటే ఆఫీసు పనీ ఇంటి పనీ కలిపి చెయ్యడమని ఆ ఇంట్లో అందరూ ఎప్పుడో అర్థం చేసేసుకున్నారు. కౌంటర్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో మేనేజర్ ఏవో టెస్ట్ కేసుల గురించి చెబుతున్నాడు. ఇంద్రజ తన వైపు మ్యూట్ చేసుకుని, స్టవ్ కాయిల్స్ కింది పళ్ళేలు ఊడదీసి సింకులో స్టీల్ పీచుతో తోముతోంది. వాసన మాట నిజమే. ఆ వారమంతా పొద్దున్న లేచేసరికి పడగ్గదిలో సన్నగా మాడు వాసన. భర్త తేజేశ్వర్ ముక్కు ఎగబీల్చి, "నీ పోపు బెడ్‌రూమ్ దాకా వచ్చేస్తోంది ఇందూ, ఎగ్జాస్ట్ వేసుకోవచ్చు కదా" అన్నాడు. ఇంట్లో ఏదైనా మాడిందంటే అది ఇల్లాలి వంటే అయివుండాలి, మరొకటి మాడటానికి వీల్లేదు. ఇంద్రజకీ వేరే అనుమానం రాలేదు. ఎగ్జాస్ట్ ఫిల్టర్ కడిగింది, కర్టెన్లు ఉతికింది, చివరికి పోపు పెట్టడం గరాజ్‌లోకి మార్చింది. నేపర్‌విల్ నవంబరు చలిలో, కోటు వేసుకుని, ఆవాలు చిటపటలాడేదాకా నిలబడింది. అయినా వాసన పోలేదు.

చేతులు తుడుచుకునేలోగా ఫోన్ మోగింది. ఆమె నిద్ర మిషన్‌ని సప్లై చేసిన ఆఫీసు నుంచి ఒకావిడ. ఇంద్రజకి నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంటుంది. ముక్కుకి మాస్కు తగిలించుకుంటే, ఆ మిషన్ రాత్రంతా గొట్టంలోంచి గాలి తోస్తూ గొంతు మూసుకోకుండా చూస్తుంది. ఆ మోడల్ మిషన్లని కంపెనీ రీకాల్ చేసిందనీ, లోపల ఒక వైరు వేడెక్కి పొగ రావచ్చనీ, ఈ రాత్రి నుంచి వాడొద్దనీ ఆవిడ వరసగా చెప్పుకుపోయింది. "కాలిన వాసనేమైనా గమనించారా?" అని అడిగింది.

ఇంద్రజ తళతళలాడుతున్న స్టవ్ వంక చూసింది. వారం రోజులుగా పోపు గిన్నెని అనుమానిస్తూ, ఆ గాలినే ముక్కుకి కట్టుకుని పడుకుంది తను. "యస్" అంది.

కొత్తది రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చట. "మీ పక్కూరు ఆరోరాలోని మా ఆఫీసులో, కొత్తది వచ్చేదాకా వాడుకోడానికిచ్చే లోనర్ మిషన్లు కొన్ని ఉన్నాయి. ఒకటి మీకోసం తీసి పెట్టమంటారా?"

"ఓ, నో నో, దట్స్ ఓకే" అనేసింది ఇంద్రజ.

ఎందుకందో ఆ మాట! అడిగినవాళ్ళు మళ్ళీ అడుగుతారన్న ధీమాతో అంది. ఎవరింటికి వెళ్ళినా కాఫీ తాగుతారా అంటే "అబ్బే, ఇప్పుడే తాగొచ్చాం" అనడం, వాళ్ళు "భలేవారే, కొంచెం" అనడం, అప్పుడు పుచ్చుకోవడం. మొదటిసారి కాదనడం మన మర్యాద, రెండోసారి అడగడం వాళ్ళ మర్యాద. అందులోనూ ఇది ఆడపిల్లలకి ప్రత్యేకంగా నేర్పే విద్య. తేజేశ్వర్‌కి ఈ తతంగంతో పనిలేదు, అతను అడక్కుండానే అన్నీ చేతికొస్తాయి. ఇంద్రజ ఫోన్ చెవికి అదుముకుని రెండో పిలుపు కోసం చూసింది. ఆరోరా ఆవిడకి ఈ మర్యాదలెవరు చెప్పారు? "గ్రేట్! హావ్ ఎ నైస్ వీకెండ్" అని పెట్టేసింది.

వెంటనే తిరిగి చేసింది. రీకాల్ అయినవాళ్ళంతా ఆ నంబరు మీదే పడ్డట్టున్నారు, సంగీతం వినిపిస్తోంది తప్ప మనిషి పలకడం లేదు. ఈలోగా ల్యాప్‌టాప్‌లోంచి మేనేజర్, "ఇంద్రజా, ఆర్ యూ దేర్?" అన్నాడు. మీటింగ్ అయ్యి మళ్ళీ చేసేసరికి ఆఫీసు మూసేశారని రికార్డింగ్ వచ్చింది. అర్జెంటయితే ఒకటి నొక్కమంది ఆ గొంతు. తనది అర్జెంటో కాదో ఇంద్రజకి తేలలేదు. ఇందాకేగా అక్కర్లేదంది! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కావాలనాలి? ఫోన్ పెట్టేసి, మర్నాడు లంచ్‌కి వచ్చే భాస్కర్ వాళ్ళకోసం చింతపండు నానబెట్టింది.

నానబెట్టిందే గానీ ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. వాడితే నిప్పు భయం, వాడకపోతే ఊపిరి భయం. పోయినేడాది, రాత్రుళ్ళు నిద్ర చెడి, రెడ్ లైట్ దగ్గర కారాపి అలాగే నిద్రపోయింది ఇంద్రజ. వెనక సీట్లోంచి కూతురు నమ్రత "అమ్మా! గ్రీన్! గో!" అని ఏడుస్తూ అరిస్తే తెలివొచ్చింది. అప్పుడు చేసిన పరీక్షలో, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో డాక్టర్ కాగితం మీద చూపించి, మిషన్ లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దన్నాడు. ఆ మాటలు తేజేశ్వర్ వినలేదు. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆఫీస్ కాల్ మాట్లాడుతున్నాడు. ఆమె వచ్చి చెప్పబోతే, "అయితే ఇక గురక ఉండదన్నమాట" అన్నాడు సంతోషంగా. అతనికి తెలిసిన జబ్బు అదొక్కటే. పార్టీల్లో "మా ఇంట్లో ట్రాక్టర్ ఉందండీ" అని అందర్నీ నవ్వించేవాడు. ఇంద్రజ కూడా వాళ్ళతోపాటు నవ్వేది. ఆడది గురక పెట్టడమంత నామోషీ ఇంకోటి లేదు కదా, నవ్వెయ్యక ఏం చేస్తుంది?

ఇంద్రజ వాళ్ళమ్మ కృష్ణకుమారి కూడా గురక పెట్టేది. వేసవిలో మేడ మీద పడుకుంటే పక్క మేడ వాళ్ళు నవ్వుకుంటారని, అందరూ నిద్రపోయేదాకా మేలుకుని కూర్చునేది ఆవిడ. యాభై నిండాయో లేదో, ఒక పొద్దున లేవలేదు. వచ్చినవాళ్ళంతా "పుణ్యాత్మురాలు, ఒకరిచేత చేయించుకోకుండా నిద్రలోనే పోయింది" అన్నారు. ఇంద్రజకి ఆ మాట చాలా ఏళ్ళు ఊరటగా ఉండేది. డాక్టర్ ఆ కాగితం చూపించిన రోజు నుంచీ ఆ పుణ్యం మాట నమ్మడం మానేసింది. అమ్మ ఎంత పెనుగులాడిందో, పక్కనున్న నాన్నకి ఏం వినిపించిందో!

భోజనాల దగ్గర తేజేశ్వర్‌కి సంగతి చెప్పింది. "మిషన్ లేకుండా ఇన్నేళ్ళు పడుకోలేదా? నాలుగు రోజులకి ఏమవుతుంది?" అన్నాడు. అత్తగారు, "మొగుడి పక్కన ఆ తొండం పెట్టుకుని పడుకోవడం నాకెప్పుడూ నచ్చలేదు. పోతే పోయింది, పీడా" అంది.

"నాకు ఊపిరి ఆగితే కాస్త తట్టి లేపుతారా?" అని అడిగింది ఇంద్రజ, పడుకోబోయే ముందు. మొగుణ్ణి ఇంత పెద్ద కోరిక ఆమె ఎప్పుడూ కోరలేదు.

"సరే సరే, చూస్తాలే" అన్నాడు.

పొద్దున్న తల పగిలిపోతుంటే లేచింది. లేవగలిగినందుకు ముందు ఆశ్చర్యపోయింది. నోరు ఎండిపోయింది, మాట తడబడుతోంది. అలాగే వంటింట్లోకి వెళ్ళి పెనం పెట్టి దోసె వేసింది. తేజేశ్వర్ అప్పటికే స్నానం చేసి, హుషారుగా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"చూశావా, అనవసరంగా హడలిపోయావు. మిషన్ లేకుండానే బ్రహ్మాండంగా పడుకున్నావు" అన్నాడు. "మొదట్లో కాసేపు గురక పెట్టావనుకో. తర్వాత మధ్యమధ్యలో అసలు చప్పుడే లేదు. పిన్ డ్రాప్ సైలెన్స్."

"నే చెప్పలా?" అంది అత్తగారు.

ఇంద్రజ గరిటె కింద పెట్టింది.

"చప్పుడు లేనప్పుడు మీరేం చేశారు?" అని అడిగింది.

"ఏం చేస్తాను? హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకున్నాను."

అతని మొహంలో దుర్మార్గం ఏ కోశానా లేదు. చెట్నీ కోసం చూస్తున్నాడు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. గురక పెడుతున్నంతసేపూ తను బతికి ఉంది, చప్పుడు ఆగిన ప్రతిసారీ చచ్చి బతికింది. ఈ మనిషి పక్కనే ఉండి, బతికున్నంతసేపూ విసుక్కున్నాడు, ఊపిరి ఆగినప్పుడల్లా స్థిమితపడ్డాడు. నిన్నొక్క రాత్రే కాదు, పెళ్ళయిన దగ్గర్నుంచీ, ఆ మిషన్ వచ్చేదాకా. ఏదో ఒకనాడు ఆ నిశ్శబ్దం తెల్లారేదాకా సాగితే ఇతను ఎంత హాయిగా నిద్రపోతాడో! లేచాక వీళ్ళంతా పుణ్యాత్మురాలంటారు.

స్టవ్ ఆపింది. దోసె పెనం మీదే ఉంది. ఫోన్ తీసి ఆ నంబరుకే చేసి, నిన్న రికార్డింగ్ చెప్పినట్టు ఒకటి నొక్కింది. ఈసారి మనిషే పలికాడు. "నాకు లోనర్ మిషన్ కావాలి. ఇవాళే కావాలి. అది లేకుండా పడుకుంటే నేను చచ్చిపోవచ్చు" అంది ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి. మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటామనీ, ఒకటి ఆమె పేర పక్కన పెడుతున్నాననీ అన్నాడతను. రాత్రి అలా గడిచాక తను డ్రైవ్ చెయ్యకూడదని ఆమెకి తెలుసు. రెండు వీధుల అవతలుండే స్నేహితురాలు శశికళకి ఫోన్ చేసి, "నన్ను ఆరోరా తీసుకెళ్ళాలి" అంది. ఎందుకని కూడా అడగలేదు శశికళ. "చెప్పులేసుకుంటున్నా" అంది.

ఇంద్రజ కోటు తొడుక్కుంటుంటే తేజేశ్వర్ తెల్లబోయి చూశాడు. "నేను తీసుకెళ్ళనన్నానా? అయినా భాస్కర్ వాళ్ళు పన్నెండుకల్లా వచ్చేస్తారు. పులిహోర కలపలేదు, వంకాయలు తరగలేదు. అమ్మ ఒక్కతీ ఏం చేస్తుంది? సోమవారం దాకా ఆగలేవా?"

వాకిట్లో శశికళ కారు హారన్ మోగింది.

"ఆగడమే కదండీ నా జబ్బు" అని తలుపు తీసింది ఇంద్రజ.