లేచి చూపించే మహిపాల్

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి పక్క సందులోకి తిరిగితే మూడో దుకాణం విజయదుర్గ సిల్క్స్. అక్కడికి చీరలకు వెళ్ళే ఆడవాళ్ళు మహిపాల్ ఉన్నాడా అని అడిగి మరీ కూర్చుంటారు. మిగతా సేల్స్‌మెన్ తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని, మడత విప్పి, "చూడండమ్మా" అని ఊరుకుంటారు. మహిపాల్ అలా కాదు. నాలుగు చీరలు విప్పగానే లేచి నిలబడతాడు. ఐదోదాన్ని ప్యాంటు మీదే చుట్టుకుని, చకచకా కుచ్చిళ్ళు పోసి, కొంగు భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపిస్తాడు. నలభై ఆరేళ్ళ మీసాల మనిషి నెమలికంఠం రంగు గద్వాల చీరలో వయ్యారంగా నిలబడితే, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా నవ్వుకుంటూ ఒకటి తీసుకునేవాళ్ళు.

"పని మీద ప్రేమంటే అదిరా," అని యజమాని గంగాధరరావు మిగతావాళ్ళను దెప్పేవాడు. గుడివాడ వైపు నుంచి వచ్చి భార్య పేరున దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి ఆయన. మహిపాల్ పేరెత్తితే చాలు ఆయన ముఖం వెలిగిపోయేది. పాపం, ఆయనకేం తెలుసు.

మహిపాల్ లేచేది ప్రేమ పొంగి కాదు, కూర్చోలేక. ఆ సంగతి ఇంట్లో భార్య స్వప్నకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎనిమిదేళ్ళ కిందట పట్టుకుంది ఆ నొప్పి. నడుము కింద మొదలై మెల్లగా వెన్ను పొడుగునా పాకింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేలు చూసి, నోరు తిరగని పేరొకటి చెప్పింది. ఇది పోయేది కాదని, మందులతో, వ్యాయామంతో మచ్చిక చేసుకోవాల్సిందేనని చెప్పింది. కదులుతుంటే సడలుతుంది, కూర్చుంటే బిగుసుకుంటుంది, కాబట్టి ఒక్కచోట ఎక్కువసేపు కూర్చోవద్దంది. ఆ తర్వాత, "ఏం పని చేస్తావు?" అని అడిగింది. పొద్దుటి నుంచి దుకాణం కట్టేసేదాకా కూర్చునే పని అని మహిపాల్ చెబితే ఆవిడ కలం పక్కన పెట్టేసింది.

సున్నా నుంచి పది దాకా నొప్పికి ఎన్ని మార్కులు వేస్తావని కూడా అడిగింది. మహిపాల్ ముందు నాలుగన్నాడు, వెంటనే ఏడన్నాడు. బయటికి వచ్చాక స్వప్నే అంది, "మార్కులొద్దు గాని, చీరల్ల చెప్పు నాకు." అప్పటి నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య అదే లెక్క. నొప్పి తేలిగ్గా ఉన్న రోజు నూలు చీర. కాస్త సతాయించే రోజు జార్జెట్. బరువైన రోజు పట్టు. ఇక పక్క మీద నుంచి కదలనివ్వని రోజు పెళ్ళిపట్టు.

మీర్‌పేటలో వాళ్ళుండేది రెండు గదుల కిరాయి ఇల్లు. పొద్దున్నే ఐదింటికి స్వప్న లేచి, వేడినీళ్ళ సంచి నింపి తెచ్చి, "ఎట్లున్నదియ్యాల?" అనేది. "జార్జెట్," అనేవాడు. ఆమె తన చేయి అడ్డంగా పెట్టేది. దాన్ని పట్టుకుని అతను ముందు పక్కకు ఒత్తిగిలి, తర్వాత కాళ్ళు కిందికి దించి, ఆ తర్వాత లేచేవాడు. గోడ పట్టుకుని గదిలో పచార్లు చేస్తే ముప్పావు గంటకు గానీ ఒళ్ళు స్వాధీనంలోకి వచ్చేది కాదు. అప్పుడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు బస్సెక్కేవాడు. ఖాళీ సీటు కనబడినా కూర్చోని మనిషిని హైదరాబాదులో ఆ బస్సు కండక్టరు ఒక్కణ్ణే చూసి ఉంటుంది.

ఇంత దాచడం ఎందుకంటే, అతని భయం అతనికుంది. అతని కంటే పెద్దవాడు కృష్ణ అనే సేల్స్‌మన్ ఉండేవాడు. మోకాళ్ళు అరిగి పరుపు మీద కూర్చోలేకపోయాడు. గంగాధరరావు అతన్ని ఒక్క మాట అనలేదు. అందరి ముందూ దండ వేసి, శాలువా కప్పి, కాళ్ళు జాగ్రత్తని చెప్పి ఇంటికి పంపించాడు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. మహిపాల్ కూడా కొట్టాడు, కానీ చేతులు చల్లబడిపోయాయి. చీరలు తప్ప అతనికి వేరే పని రాదు.

శ్రావణం దగ్గర పడుతుండగా గంగాధరరావు అందరినీ పిలిచి స్వీట్లు పంచాడు. పైఅంతస్తులో పెళ్ళిపట్టు చీరల విభాగానికి మహిపాల్‌ను పెద్దను చేస్తున్నానన్నాడు. అక్కడొక బల్ల, దాని వెనక మెత్తటి నల్ల కుర్చీ.

"ఇరవై రెండేళ్ళు లేచీ కూర్చునీ అరిగిపోయావయ్యా. ఇక నువ్వు లేవడానికి వీల్లేదు. దర్జాగా కూర్చుని చెప్పు, వీళ్ళు చేస్తారు," అన్నాడు.

మహిపాల్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆనందమనుకుని ఆయన భుజం తట్టాడు.

సాయంత్రం ఇంట్లో స్వప్న అంతా విని, "చెప్పరాదు సార్‌కు," అంది.

"చెప్తే? కృష్ణన్నకు ఏమైందో యాదికి లేదా?"

"గాయన పరుపు మీద కూసోలేకపాయె. నువ్వు నిలవడి పనిజేస్తవు గద. గదే చెప్పు."

"కుర్చీ ఇస్తే వద్దన్నోణ్ణి ఎవలుంచుకుంటరు స్వప్నా?"

ఆమె నూనె సీసా అందుకుంది. అతని వీపుకు నూనె రాస్తూ కూర్చుంది. ఆ చేతుల కింద ఒక్కో ఎముకా ఎక్కడ బిగుసుకుందో డాక్టరమ్మ కంటే ఆమెకే బాగా తెలుసు.

కుర్చీలో మొదటి రోజు మంచినీళ్ళకని ఏడుసార్లు, బాత్‌రూమ్‌కని తొమ్మిదిసార్లు లేచాడు. రెండో రోజుకల్లా మహిపాల్‌కు షుగరొచ్చిందని దుకాణమంతా తేల్చేసింది. మూడో రోజు గంగాధరరావు స్వయంగా ఇంటి నుంచి సీసాలో మెంతుల నీళ్ళు తెచ్చి, ఎదురుగా నిలబడి తాగించాడు. గంగాధరరావు చూపించే ప్రేమ నుంచి తప్పించుకునే దారే ఉండేది కాదు. ఆ చేదంతా మింగి మహిపాల్ దండం పెట్టాడు.

నాలుగో రోజు కుర్చీ నుంచి తప్పించుకోవడం కుదరలేదు. వరలక్ష్మీ వ్రతం ముందు రద్దీ. బల్ల చుట్టూ జనం. రెండున్నర గంటలు కదల్లేదు. అప్పుడే గంగాధరరావు ఒక పెళ్ళివారిని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు.

"మా మహిపాల్ కట్టి చూపిస్తే మీకు వేరే చీర నచ్చదు. ఒక్కసారి లేవయ్యా, ఆ చిలకపచ్చది చుట్టుకో," అన్నాడు.

మహిపాల్ రెండు చేతులూ బల్లకు ఆనించి బలం పెట్టాడు. నడుములో ఏదో తాళం పడినట్టు బిగిసింది. మళ్ళీ ప్రయత్నించాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"లేవొస్తలేదు సార్," అన్నాడు.

గంగాధరరావు హాస్యమనుకుని నవ్వాడు. ఆ తర్వాత అతని ముఖం చూసి నవ్వు ఆపేశాడు. పెళ్ళివారిని కింద కాఫీకి పంపించి, మిగతావాళ్ళనూ కిందికి దింపి, బల్ల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఇక దాచేదేముంది. మహిపాల్ ఎనిమిదేళ్ళదీ చెప్పేశాడు. డాక్టరమ్మ మాట, పొద్దుటి పచార్లు, లేవడానికి వంక కోసం చీర చుట్టుకోవడం, అన్నీ. చివర చేతులు జోడించాడు.

"నాకు శాలువా కప్పకుండ్రి సార్. నిలవడి ఎంతసేపైనా పనిజేస్త."

 నిజం చెప్పాలంటే గంగాధరరావుకు ముందు కోపమే వచ్చింది.

"ఎనిమిదేళ్ళు నా కళ్ళ ముందే ఉండి ఒక్క మాట చెప్పలేదా నువ్వు? పదిమందిలో నేను మెచ్చుకున్నదంతా నీ నొప్పినా?" అన్నాడు. తర్వాత తల దించుకుని, "కృష్ణకి గౌరవం చేశాననుకున్నాను. మీరంతా ఇలా భయపడ్డారని నాకు తట్టనే లేదు," అన్నాడు.

లేచి బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చాడు. "ఎలా లేపాలో చెప్పు."

"గుంజొద్దు సార్. మీ చెయ్యి కర్రలెక్క అడ్డం పెట్టుండ్రి. నేనే పట్టుకొని లేస్త."

ఆయన చేయి అడ్డం పెట్టాడు. మహిపాల్ దాన్ని పట్టుకుని, కొంచెం లేచి, ఆగి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ కొంచెం లేచాడు. అరవై దాటిన చేతికి ఆ బరువు ఎక్కువే గానీ ఆయన తీయలేదు. నిటారుగా నిలబడేదాకా అలాగే ఉంచాడు.

"ఈ కుర్చీ నా గదిలోకి పోతుంది. నువ్వు కింద నీ పరుపు దగ్గరికి వెళ్ళు. లేవాలనిపించినప్పుడల్లా లే. ఎవడికీ వంక చెప్పొద్దు," అన్నాడు.

మర్నాడు మహిపాల్ పాత చోట కూర్చున్నాడు. కర్మన్‌ఘాట్ నుంచి ఒక ముసలావిడ మనవరాలితో వచ్చింది. నాలుగు చీరలు విప్పేసరికి నడుము మామూలుగానే బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఐదోదాని మీదికి చేయి దానంతటదే పోయింది. అతను ఆ చేయి వెనక్కి తీసుకున్నాడు. మోకాలి మీద అరచేయి ఆనించి, మెల్లగా, ఒట్టి చేతులతో లేచి నిలబడ్డాడు. పక్కన మడతలు పెడుతున్నవాళ్ళు తలెత్తి చూశారు. 

"ఏమైంది బిడ్డా?" అంది ముసలావిడ.

"నడుము నొప్పమ్మా. శానా ఏండ్లది. జర నిలవడ్త," అన్నాడు, అందరికీ వినబడేలా.

"నిలవడు బిడ్డా. మాకేం తొందర్లేదు," అని ఆవిడ, అతను విప్పి పరిచిన చీరల్ని ఒక్కొక్కటే ఒళ్ళోకి లాక్కుని మడత పెట్టసాగింది.