వంతెన మీది మేకపిల్ల

మా చెల్లిని ఇంట్లో అందరం బుడ్డి అంటాం. దానికి చదవడం నేర్పింది నేనే. అక్షరం కింద వేలు పెట్టాలి, పలికాకే వేలు ముందుకు జరపాలి. అదే మా పద్ధతి. నత్తనడకే, కానీ కొత్త కాగితం ఏది ఇచ్చినా చదివేస్తుంది. ఆఖరికి సబ్బు మీది కాగితాన్ని కూడా వదలదు.

ఈ ఏడాది కొత్త రూలు వచ్చింది. మూడో తరగతి పిల్లలు తనిఖీ సారు ముందు ఒక పాఠం నిమిషంలో గడగడా చదవాలి. లేకపోతే మళ్లీ మూడే. బుడ్డి ప్రాణమంతా నాలుగో తరగతి గది మీదే ఉంది. మూడులో దానితో కూర్చునే స్నేహితురాలు అక్కడ కూడా పక్కనే చోటు పట్టి ఉంచుతానంది మరి.

అమ్మ కుట్టుపనికి వెళ్లింది కాబట్టి పరీక్షకు నేను తోడు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. టీచర్‌గారు చాలా రోజులుగా మేకపిల్ల పాఠం ఒక్కటే వల్లె వేయించారు. కొత్త పుస్తకం ఆవిడకింకా అందలేదు, పాతదే చూసి చెప్పారు. అందులో మేకపిల్ల కాలువ దూకుతుంది. పిల్లల చేతుల్లో ఉన్న కొత్త పుస్తకంలో మాత్రం బుద్ధిగా వంతెన మీద నడిచి వెళ్తుంది. చదివిన పిల్లలు నిజంగానే దూకేస్తారని మార్చారట.

ఒక్కొక్కరూ లేచి, పుస్తకం తెరిచి, పైకప్పు చూస్తూ "కాలువ దూకింది" అని అప్పజెప్పారు. సారు చూపు గడియారం మీదే.

"శభాష్! నాలుగులోకి పో."

బుడ్డి వంతు వచ్చింది. వేలు పెట్టింది. "మేకపిల్ల... వం... తె... న... మీద..."

గది గొల్లుమంది. "వంతెన ఎక్కడిదే? నువ్వు కట్టావా?" అన్నారెవరో వెనక బెంచీ నుంచి.

"కాలువ దూకిందే తల్లీ, కాలువ!" అన్నారు టీచర్‌గారు. "ఇన్నాళ్లూ ఏం విన్నావు?"

బుడ్డి పుస్తకంలోకి చూసింది, ఆవిడ వైపు చూసింది. "ఇక్కడ వంతెనే ఉంది టీచర్."

"టైమైపోయింది," అన్నారు సారు.

నేను గుమ్మం దాటి లోపలికి వచ్చాను. "సార్, పుస్తకంలో అలాగే ఉంది. ఒకసారి చూడండి."

"నేను చూస్తూ కూర్చుంటే గడియారం ఆగుతుందా అమ్మాయ్? మాకు కావాల్సింది వేగం. వచ్చే వారం ఇంకో అవకాశం ఉందిగా, బాగా తయారు చేసి తీసుకురా."

సాయంత్రం అమ్మ చీరకు అంటిన దారప్పోగులు ఏరుకుంటూ అంతా వింది. "నీ వేలు పద్ధతి ఇక చాలు తల్లీ. దాన్నీ అందరిలా అప్పజెప్పనీ. దాని ఏడాది పోతే నువ్వు తెచ్చిస్తావా?"

వారమంతా నేను చెప్పాను, అది వల్లించింది. అలవాటు చొప్పున వేలు పెట్టబోతే ఆ చేతిని నేనే పక్కకు తీశాను. రెండోసారి బుడ్డి కిటికీలోంచి బయటికి చూస్తూ మేకపిల్లను ఒక్క ఊపున కాలువ దూకించేసింది. సారు దాని వీపు తట్టారు.

"చూశావా అమ్మాయ్, వారంలో చదువు ఎంత బాగా వచ్చేసిందో!"

ఇప్పుడది నాలుగో తరగతిలో, స్నేహితురాలి పక్కనే. నిన్న కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తూ మొదటి పాఠం తెరిచి చదవమన్నాను. అది పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

"ముందు నువ్వు చెప్పక్కా, వెనకాలే నేనంటాను," అని చేతులు కట్టుకుని నిలబడింది.